పళ్లెమునకు ముందు పొలము

బోన్సాయి యని లోకమంతట ప్రసిద్ధికెక్కిన మరుగుజ్జు చెట్టును మొదటిసారి చూచువారు తప్పక అడుగు ప్రశ్న యొకటి కలదు: దీని వయస్సెంత యని. మూరెడెత్తు మించని ఆ వృక్షము మూడు తరముల మనుష్యులను చూచినదని తెలిసినంతనే వారికి కలుగు ఆశ్చర్యము న్యాయమైనదే. కాని ఆ చెట్టు ఏ మడిలో మొలచినది, దాని తల్లివేరును ఎవరు కోసిరి, పళ్లెములోనికి వచ్చుటకు ముందు ఎన్ని వేసవులు ఆరుబయట పొలములో గడపినది అని అడుగువారు అరుదు. చెట్టును పళ్లెములో తీర్చినవాని పేరును ప్రదర్శనశాలలో పదిమందియు చెప్పుకొందురు. మొక్కను పెంచి యిచ్చిన రైతును తలచువారుండరు. ఈ కళయొక్క చరిత్రలో నాకు మిక్కిలి గౌరవపాత్రులుగా తోచువారు ఆ రైతులే కనుక, వారి వృత్తి ఎట్లు పుట్టి ఎట్లు నిలిచినదో చెప్పదలచితిని.

జపాను భాషలో ‘బోన్’ అనగా పళ్లెము, ‘సాయి’ అనగా నాటుట. పళ్లెములో చెట్టును నిలుపు అలవాటు చీనానుండి ఆ దేశమునకు పోయినది. తాంగ్ వంశపు రాకుమారుడైన జాంగ్‌హువాయ్ సమాధి గోడలపై, క్రీ. శ. 706 నాటి చిత్రములలో, చిన్న మొక్కలును రాళ్లును అమర్చిన పళ్లెమును చేతబట్టిన పరిచారకులు నేటికిని కనబడుదురు. జపానులో 1309 నాటి కసుగ దేవాలయ మాహాత్మ్య చిత్రపటమున అట్టి పళ్లెములు చిత్రింపబడినవి. ‘హాచినోకి’ యను నో నాటకమునందు, మంచు కురియు రాత్రి తన పూరియింటికి వచ్చిన సన్న్యాసి చలి కాచుకొనుటకై, నిరుపేదయైన యోధుడొకడు తాను ప్రాణప్రదముగా పెంచుకొనిన ప్లమ్, చెర్రీ, పైను చెట్లు మూడింటిని నరికి మంటలో వేయును. ఆ సన్న్యాసి మారువేషమున దేశము తిరుగుచున్న హోజో తోకియోరి యని పిమ్మట తెలియును, ఆ మూడు చెట్ల పేర్లు గల మూడు జాగీర్లు యోధునికి బహుమానముగా లభించును. తొట్టిలోని చెట్టును కాల్చుట సర్వస్వత్యాగముగా ప్రేక్షకులకు తోచినదనిన, అప్పటికే ఆ చెట్లపై ఆ జాతికెంత మమకారముండెనో ఊహింపవచ్చును.

ఆ మమకారమునకు వలయు చెట్లు చిరకాలము కొండలనుండియే వచ్చెడివి. గాలికి వంగి, మంచుకు విఱిగి, బండసందులో పిడికెడు మట్టితో శతాబ్దములు బ్రదికిన చెట్టును పెకలించి తెచ్చుటను ‘యమదోరి’ యందురు. ‘యమ’ యనగా వారి భాషలో కొండ. కాని తెలుగు చెవికి ఆ మాట వేఱొక యర్థమున వినబడుట కారణము లేనిది కాదు. ఇరువదవ శతాబ్ది తొలిదినములలో నిగాతా ప్రాంతపు ఇతోయిగావా చెంత సున్నపురాతి కొండచరియలపై ‘షింపాకు’ జూనిపర్ చెట్లు దొరకినప్పుడు, వాటికొఱకు నడుమునకు త్రాళ్లు కట్టుకొని నిట్టనిలువు బండలపై వ్రేలాడినవారిలో ప్రాణములు పోగొట్టుకొనిన వారును కలరు. అంతకు పూర్వమే షికోకు ద్వీపమందలి ఇషిజుచి పర్వతపు షింపాకులు ఇట్లే తరలిపోయినవి. కొన్ని దశాబ్దములలో మంచి చెట్లన్నియు కొండ దిగినవి. కొండపై మిగిలినవి గోతులు. వేయేండ్లు పెరిగిన సంపదను ఒక తరమువారు మోసికొని వచ్చుట వేట యగును గాని వృత్తి కాజాలదు. నేడు సంతలో ఇతోయిగావా యను పేర అమ్ముడుపోవు లేతమొక్కలు నాడు దిగివచ్చిన చెట్ల కొమ్మలను త్రుంచి ఇసుకలో నాటగా వేరూనిన సంతానమే. కొండ ఇచ్చుట మానిన పిదప కొమ్మయే దిక్కైనది.

అయితే ఈ పాఠమును షింపాకు కంటె చాల ముందుగా నేర్చిన చోటొకటి కలదు. షికోకు ద్వీపమున కగావా ప్రాంతపు ముఖ్యపట్టణము తకమాత్సు; ‘తక’ యనగా ఎత్తైనది, ‘మాత్సు’ యనగా పైను చెట్టు. ఆ నగరమున 1745లో పూర్తియైన రిత్సురిన్ ఉద్యానమందు ఇంచుమించు 1,400 పైను చెట్లున్నవి. అందు వేయింటిని తోటమాలులు తరతరములుగా చేతితో తీర్చుచున్నారు. పట్టణమునకు పడమటి దిక్కున కినాషి, కొకుబున్‌జి యను పల్లెసీమలు కలవు. కినాషి యను పేరునకు రాక్షసులు లేని చోటని అర్థము. పీచుపండునుండి పుట్టి రాక్షసులను జయించిన మొమొతారో కథను ఆ ఊరివారు తమదిగా చెప్పుకొందురు. బున్కా శకమున, అనగా 1804–1818 నడుమ, ఈ సీమవారు సెతో లోతట్టు సముద్రపు తీరమున తమంత తాము మొలచిన నల్ల పైనులను త్రవ్వితెచ్చి తొట్లలో పెట్టి అమ్మసాగిరి. తీరముపై చెట్లు తఱిగిన కొలది, విత్తనము చల్లి పొలములోనే వాటిని పెంచుట నేర్చిరి. రెండువందల యేండ్లు గడచిన నేడు, జపానులో తయారగు పైను బోన్సాయిలలో నూటికి ఎనుబది వంతులు తకమాత్సు సీమనుండియే వచ్చుచున్నవి.

ఆ నేల చూడ దరిద్రమైనది. నల్లరాయి చిమిడి యేర్పడిన ముతక ఇసుకమన్ను, నీరు నిలువదు. ఏటికి సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన. జపానులో తక్కిన తావులతో పోల్చిన అది తక్కువ. అందుచేత కగావా ప్రజలు మన తెలంగాణపు రైతులవలె పూర్వమునుండి చెరువులనే నమ్ముకొనిరి. కూకాయి యను బౌద్ధాచార్యుడు 821లో కట్టను పునరుద్ధరించిన మన్నో చెరువు నేటికిని నీరిచ్చుచున్నది. వరికి చాలని ఆ పొడినేల పైనుకు తగినది. తడి నిలిచినచో పైను వేరు క్రుళ్లును. మన్ను బలమైనదైనచో చెట్టు ఏపుగా సాగి, కణుపుల నడుమ దూరము పెరిగి, పళ్లెమునకు పనికిరాకుండ పోవును. ఎండయు, ఇసుకయు, మితమైన నీరును కలిసి అచటి చెట్టును పొట్టిగా, బెరడును గఱుకుగా చేసినవి.

ఇక పని ఎట్లు సాగునో దగ్గరనుండి చూతము. శీతకాలపు విత్తనమును నీట వేసి, తేలినవాటిని పారవేసి, మునిగినవాటిని వసంతమున ఇసుకమడిలో చల్లుదురు. విత్తనపువడ్లను ఉప్పునీట పరీక్షించు మన రైతునకు ఈ పద్ధతి క్రొత్తది కాదు. మొలక నేలను చీల్చుకొని వచ్చునప్పుడు గింజపొట్టును నెత్తిపై టోపీవలె మోసికొని వచ్చును. అది రాలినంతనే సన్నని పచ్చని సూదులు గొడుగువలె విచ్చుకొనును. కాడ ఇంకను అగ్గిపుల్లంత లావైనను ఉండదు. ఈ దశలోనే కొందఱు పెంపకందారులు కత్తిని తీసికొని, మొలకను మడినుండి ఎత్తి, నేలమట్టమునకు దిగువన తల్లివేరుతో సహా కాడను అడ్డముగా తెగకోయుదురు. వేరు లేని ఆ గొడుగును తడియిసుకలో మరల నాటి నీడన ఉంచినచో, కొన్ని వారములలో కోసిన చోట చుట్టును, బండిచక్రపు ఆకులవలె, పిల్లవేళ్లు పుట్టును. తల్లివేరు చెట్టును పాతాళమునకు లాగును, పిల్లవేళ్లు నేలపై పరచుకొనును. పళ్లెపు లోతు నాలుగు వ్రేళ్లే కనుక చెట్టు పరచుకొనుటయే నేర్వవలెను. బోన్సాయిని పరీక్షించు పెద్దలు మొట్టమొదట చూచునది కొమ్మలను గాక, మొదట నలుదిక్కుల నేలను పట్టియున్న వేళ్లనే. దానిని ‘నెబారి’ యందురు. అది ముసలితనమున వచ్చు గుణము కాదు, పుట్టిన తొలి యేట కత్తితో వ్రాయబడునది.

రెండు మూడేండ్ల పిల్లకు తీగ చుట్టి కాండమును వంచుదురు. ఆ వయసు దాటినచో వంపు క్రింది భాగమున పడదు, క్రింద వంపు లేని చెట్టు ఎప్పటికిని స్తంభమువలె నుండును. పిమ్మట పొలములో వరుసలుగా నాటి, కొన్నియేండ్లకొకసారి త్రవ్వి, వేళ్లు కత్తిరించి, మరల నాటుదురు. ఇందొక విచిత్రమైన పద్ధతి కలదు. కాండము లావెక్కుటకై ఒక కొమ్మను ఎంతమాత్రము కత్తిరింపక ఆకాశమునకు విడిచిపెట్టుదురు. దాని పేరే ‘బలికొమ్మ’. అది మనిషియెత్తు మించి పెరిగి, తాను త్రాగిన ఎండనంతయు మొదటికి పంపి, మొదలు కోరినంత బలిసిన నాడు ఱంపమునకు లోనగును. కినాషి పొలము గట్టున నిలిచి చూచువానికి, క్రింద మెలితిరిగిన బొమ్మవంటి చిన్నచెట్టును, దాని నెత్తిన అడవిచెట్టును ఒకే కాండముపై కనబడును. ఇట్లు పది పదునైదేండ్లు గడచిన తరువాత గాని చెట్టు తొట్టిని చూడదు. అనగా రైతు వరుసకు వరుస నాటునపుడే, అమ్మకపు సొమ్ము తన కొడుకు చదువునకు గాక పెండ్లికి అక్కఱకు వచ్చునని యెఱిగి నాటవలెను.

అంటుకట్టుటయు ఈ వృత్తిలో పెద్ద విద్యయే. ఐదేసి సూదులు కలిసి పుట్టు ‘గోయోమాత్సు’ యను తెల్ల పైను స్వభావముచేత కొండచెట్టు. పల్లపు వేడిమికి దాని వేరు తాళదు. అందుచే నల్ల పైను పిల్లను మొదలుగా పెట్టి, దానిపై తెల్ల పైను రెమ్మను అతికింతురు. బెండువలె పగిలిన మందపు బెరడు గల ‘నిషికిమాత్సు’ యను నల్ల పైను భేదమును కొకుబున్‌జి వారు ఇట్లే అంటులతో వేలసంఖ్యలో పెంచిరి. నాటుటెంక మొలకపై బంగినపల్లిని కట్టు మన మామిడితోటల వారికిని వీరికిని పనిలో భేదము స్వల్పము.

పందొమ్మిదవ శతాబ్ది చివర యోకోహామా రేవునుండి ఈ చెట్లు పడమటి దేశములకు ఓడలెక్కసాగినవి. జపానులో అమెరికా రాయబారిగా నుండిన లార్జ్ ఆండర్సన్ 1913లో అచటి నర్సరీ సంస్థవద్ద కొని తీసికొనిపోయిన చెట్లు, ఆయన మరణానంతరము 1937లో ఆర్నాల్డ్ వృక్షోద్యానమునకు చేరినవి. 1919 జూన్ 1 నుండి అమెరికా ప్రభుత్వము మట్టితో కూడిన మొక్కల దిగుమతిని నిషేధింపగా, వేళ్లు కడిగి పంపక తప్పలేదు. పాతమట్టిలో ఏండ్ల తరబడి కుదురుకొనిన ముసలిచెట్టునకు ఆ స్నానము ప్రాణాపాయము. 1923 నాటి భూకంపమున తోక్యో దెబ్బతినగా, ఆ నగరపు బోన్సాయి వర్తకులు కొందఱు మంచి మన్నును నీటిని వెదకికొని 1925లో ఒమియా చేరి, పది చెట్లైనను లేనివాడు కాపురముండరాదనియు, మేడలు కట్టరాదనియు నియమములతో ఒక గ్రామమునే కట్టుకొనిరి. 1934లో తోక్యోలో మొదలైన కొకుఫూ ప్రదర్శన ఈ కళకు రాజగౌరవము తెచ్చినది. దానిని నిలిపిన మత్సుదైర యోరినాగ ప్రభువు తకమాత్సు సంస్థానాధీశుల వంశీయుడగుట నాకు సంతోషము కలిగించు విషయము. ఒమియా కీర్తిని నేను తక్కువ చేయను. కాని ఒమియా చెట్టునకు పట్టాభిషేకము చేయు చోటు. చెట్టు పుట్టి పెరుగు చోట్లు కినాషివంటి పల్లెలు.

మనకును అట్టి పల్లెలు లేకపోలేదు. గోదావరి యొడ్డున కడియము, కడియపులంక సీమలో అంట్లు కట్టి గూటీలు వేసి దేశమంతటికి మొక్కలను పంపు చేతులు తరతరములుగా ఆ పని చేయుచున్నవి. మఱ్ఱి, రావి, జువ్వి మన ఎండకు పుట్టిన చెట్లు, వేరు కోసినను కోపగింపనివి. బోన్సాయి చేయదలచి అచట ఒక పిల్లమొక్కను కొనబోవు పాఠకునకు నేను చేయు మనవి యొక్కటే. తొట్టి అందమును, ఆకుల నిగనిగను చూచి బేరమాడవలదు. నర్సరీవాని అనుమతి అడిగి, మొదటి చుట్టునున్న పైమట్టిని చూపుడువ్రేలితో ఒక అంగుళము తొలగించి, వేళ్లు నాలుగు వైపులకును పోయినవో లేదో చూడుడు. పోయినచో, అడిగిన ధరను మారుమాటాడక ఇచ్చి, ఆ మొక్కను పెంచినవారెవరో వారి పేరడిగి వ్రాసికొనుడు.