చేతులు మారిన చక్రాలు

ఇల్లు కొనువాడు దస్తావేజులు చూచును. పొలం కొనువాడు అడంగలు చూచును, హద్దురాళ్లు చూచును. ఎద్దును కొనువాడు పండ్లు పట్టి చూచును. అరవై డెబ్బది ఏండ్ల వయస్సు గల స్పోర్ట్సు కారును కొనువాడు ఏమి చూడవలెను? రంగు చూచి మురిసిపోవువారే ఎక్కువ. కాని ఆ బండికి ఒక వంశచరిత్ర ఉన్నది. అది తెలియనివానికి దాని విలువయు తెలియదు, దానిని కాపాడు విధమును తెలియదు. ఆ చరిత్రలో మన నెల్లూరు సీమకును ఒక చిన్న భాగం కలదు.

స్పోర్ట్సు కారనగా ఇద్దరు కూర్చొను చిన్న బండి. నేలకు దగ్గరగా ఉండును. బరువు తక్కువ, వేగం ఎక్కువ. పైన గుడ్డ టాపు ఉండును. అది వానకు పూర్తిగా అడ్డుపడదు. పెండ్లివారిని దింపుటకు గాని, బియ్యపు బస్తా వేసికొని వచ్చుటకు గాని ఇది పనికిరాదు. నడుపుటలోని ఆనందం కొరకే పుట్టిన యంత్రమిది. ఇంగ్లండులో ఎం.జి., జాగ్వార్, ట్రయంఫ్ వంటి పేర్లతో ఇటువంటి బండ్లు ప్రసిద్ధి చెందినవి.

ఈ వేగపు బండ్లతో నెల్లూరుకు సంబంధమేమి? గూడూరు, రాపూరు, సైదాపురం ప్రాంతాలలో పందొమ్మిదవ శతాబ్దపు చివరినుండి అభ్రకం తవ్వుతూ వచ్చినారు. ఆ కాలపు ప్రపంచ విపణికి అభ్రకం ప్రధానంగా మన దేశం నుండియే పోయెడిది. బీహారు గనుల తరువాత చెప్పదగినవి నెల్లూరు గనులే. ఇంజనులో పెట్రోలు ఆవిరిని అంటించు నిప్పురవ్వ స్పార్కు ప్లగ్గు కొనన పుట్టును. అక్కడ విద్యుత్తు ప్రక్కకు జారిపోకుండ అడ్డగించు పదార్థం ఒకటి కావలెను. తొలినాళ్ల పింగాణి పందెపు ఇంజనుల వేడికి పగిలిపోయెడిది. రేకులుగా విడివడు అభ్రకం ఆ వేడికి నిలిచినది. 1922లో బ్రూక్‌లాండ్సు బాటపై గంటకు 133 మైళ్లు దాటిన వేగంతో ప్రపంచ రికార్డు నెలకొల్పిన కెనెల్మ్ లీ గిన్నెస్, ఇటువంటి అభ్రకపు ప్లగ్గుల తయారీలోనే పేరుపొందినాడు. తరువాత మేలైన పింగాణి రకాలు వచ్చి అభ్రకపు ప్లగ్గులు మూలబడినవి. పాత బండిని కొన్నవారికి దాని పనిముట్ల పెట్టెలో అటువంటి ప్లగ్గు ఒకటి దొరికినచో, అది చెత్త అని పారవేయరాదు. మన మట్టిలో పుట్టిన వస్తువు వంటిదే ఆ బండికి ప్రాణవాయువు అయిన కాలానికి అది సాక్ష్యం.

రెండవ బంధం రోడ్డు. మద్రాసు నుండి కలకత్తా వైపు పోవు ఉత్తర ట్రంకు రోడ్డు సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరుల మీదుగా నెల్లూరు చేరును. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడువరకు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోని జిల్లా. మోటారు బండి కొనవలెనన్నా, బాగుచేయించవలెనన్నా ఇక్కడివారి చూపు మద్రాసు వైపే ఉండెడిది. అదే రోడ్డుమీద, మద్రాసు దాటిన కొద్ది దూరంలో షోలవరం కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల బాట అక్కడ ఖాళీగా మిగిలినది. 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు దానిమీద పందెాలు నడిపి, షోలవరం పేరును దేశమంతట వ్యాపింపజేసినది. 1990లో ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన పందెపు బాట ఏర్పడిన తరువాత ఆ సందడి అక్కడికి తరలిపోయినది.

పందెాలు సాగినవి గాని కొత్త కార్లు రావడం మాత్రం ఆగిపోయినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశంలోనే కార్లను తయారుచేయవలెనని ప్రభుత్వం సంకల్పించినది. తయారీకి పూనుకొనని కంపెనీలకు ఇక్కడ చోటు లేదని 1953లో తేల్చినది. విడిభాగాలు తెచ్చి బిగించుచుండిన జనరల్ మోటార్సు, ఫోర్డు సంస్థలు వెనుదిరిగినవి. పూర్తిగా తయారైన విదేశీ కార్ల దిగుమతి దాదాపు మూతపడినది. అప్పటికే దేశంలో ఉన్న స్పోర్ట్సు కార్లు తెల్లదొరలు, సంస్థానాధీశులు, జమీందారులు, కంపెనీ అధికారులు తెప్పించుకొన్నవి. దొరలు స్వదేశం పోయినారు. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు పోయినవి. ఇంటి ఖర్చు తగ్గించుకొనవలసి వచ్చినప్పుడు, ఇద్దరు మాత్రమే కూర్చొను బండి ముందుగా అమ్మకానికి వచ్చుట సహజమే కదా! ఆ విధంగా ఉన్న కొద్ది బండ్లే మళ్లీ మళ్లీ చేతులు మారినవి. కొత్తది దొరకదు గనుక పాతదానిని ఎవరును తుక్కు క్రింద వేయలేదు. సంపన్న దేశాలలో ఎన్నో బండ్లు తుక్కు కొట్లకు పోయిన కాలంలో, మన దేశపు కొరత కొన్నిటిని బ్రతికించినది.

అయితే విడిభాగాలు ఎక్కడివి? ఇక్కడ ఒక చిత్రమైన సంగతి చెప్పవలెను. 1955లో ఇంగ్లండులో వెలువడిన ఎం.జి.ఎ. స్పోర్ట్సు కారులోనిది 1,489 ఘన సెంటీమీటర్ల ఇంజను. బెంగాలులోని ఉత్తరపాడా కర్మాగారంలో తయారైన అంబాసిడర్‌కు కొద్ది కాలంలోనే వచ్చినది అదే జాతి ఇంజను, అదే కొలత. ఒకదానికి రెండు కార్బురేటర్లు, మరొకదానికి ఒకటి. ఒకటి పందెపు గుర్రం, రెండవది సంసారపు ఎద్దు. రెండును ఒకే తల్లి బిడ్డలు. అట్లే మద్రాసులోని స్టాండర్డు సంస్థ 1961 నుండి తయారుచేసిన హెరాల్డుకు మూలమైన బ్రిటిషు కారు చట్రాన్నే కుదించి, 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారును నిర్మించినారు. మన మెకానిక్కులకు ఈ చుట్టరికాలు చేతి వేళ్లకు తెలిసినవి. టాక్సీ భాగాలతో పందెపు బండిని నడిపించిన పనితనం వారిది. వారి పేర్లు ఏ ఆర్.సి. పుస్తకంలోను ఎక్కలేదు. 2014లో అంబాసిడర్ తయారీ నిలిచినది. ఆ పనివారును ఒక్కొక్కరే తెరమరుగగుచున్నారు.

కొత్త యజమాని ఎటువంటివాడు కావలెను? తెలుగువారి చరిత్రలో ఇద్దరిని తలచుకొనవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కోరికపై రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్టు ఒకటి సింహాసనం వంటి పీఠంతో తయారైనది. బండి చేరకముందే, 1911లో, ఆయన కన్నుమూసినాడు; అది కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కినది. పసుపుపచ్చని ఆ 1912 నమూనా బండి చాల అరుదుగా రోడ్డెక్కినది. నేటికిని హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదంలో దర్శనమిచ్చుచున్నది. రెండవవారు కోయంబత్తూరు ప్రాంతపు తెలుగు కుటుంబంలో 1893లో జన్మించిన జి.డి. నాయుడుగారు. హోటలులో పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో ఒక ఆంగ్ల అధికారి వద్ద రడ్జ్ మోటారు సైకిలు కొన్నారు. దానిని ఊడదీసి, తిరిగి బిగించి, యంత్రవిద్య నేర్చుకొన్నారు. 1920లో ఒక్క బస్సుతో వ్యాపారం ఆరంభించి దక్షిణదేశంలో ప్రఖ్యాతులైనారు. ఒకరికి వారసత్వం, మరొకరికి స్వార్జితం. ఒకచోట కదలకుండ ఉంచుట బండిని కాపాడినది; మరొకచోట విప్పి చూచుట మనిషిని తీర్చిదిద్దినది. పాత బండిని కొన్నవానికి ఈ రెండు గుణాలును కావలెను.

ఎందుకనగా, విప్పుటకును తెలివి కావలెను. ఎం.జి. కార్లలో 1945 నుండి 1949 వరకు సుమారు పదివేలు తయారైన టి.సి. అను రకం ఉన్నది. దాని ఉక్కు రేకుల లోపల ఆష్ కలప చట్రమున్నది. పైన రంగు మెరయుచుండగా లోపల చెక్క పుచ్చిపోవచ్చును. దాని ఇంజను బోల్టులకు మరలు మెట్రిక్ కొలతవి, తలలు విట్‌వర్త్ కొలతవి. సంగతి తెలియక దొరికిన బోల్టును బలవంతంగా బిగించినచో మర చెడును. నెల్లూరు తీరంలో మరి రెండు శత్రువులున్నవి: చట్రపు మూలలను తినివేయు ఉప్పుగాలి, చెక్కను తొలుచు చెదలు. లక్షలు పోసి బండిని కొని, గాలి ఆడు షెడ్డుకును సరియైన బోల్టుకును వెనుదీయుట, ఏనుగును కొని అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లే యగును.

చట్టం కూడ ఇప్పుడీ విషయంలో మాట చెప్పుచున్నది. 2021లో కేంద్రప్రభుత్వం చేసిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 ఏండ్లు దాటిన సొంత వాహనాన్ని పురాతన వాహనంగా నమోదు చేయించుకొనవచ్చును. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేండ్లు, పొడిగింపునకు 5,000 రూపాయలు. నంబరు పలకపై రాష్ట్రపు అక్షరాల తరువాత వి.ఎ. అను గుర్తు ఉండును. చేతులు మారినప్పుడు అమ్మినవారును కొన్నవారును 90 దినాలలో అధికారులకు తెలుపవలెను. ప్రదర్శనకు, పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుటకు, మరమ్మత్తుకు తప్ప రోడ్డుమీద తిప్పరాదు. అన్నిటికన్న ముఖ్యమైన నియమమేమనగా, చట్రం, బాడీ, ఇంజను మార్పు పొందక అసలు రూపంలో ఉండవలెను.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. ఏ టాక్సీ భాగాలు ఆ బండిని కొరతకాలంలో బ్రతికించినవో, అవే నేడు దాని జాతికి మచ్చగా కనబడును. వాటిని పీకివేసి విదేశాలనుండి కొత్త భాగాలు తెప్పించి తళతళలాడించినచో ఇంగ్లండునాటి పుట్టుక కనబడును. కాని ఇక్కడ గడచిన జీవితం చెరగిపోవును. రెండింటిని కాపాడు మార్గమొకటి కలదు. తీసిన ప్రతి భాగానికి చీటీ కట్టి దాచవలెను. ఏ సంవత్సరం ఏది మార్చినామో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెను. పాత యజమానులు, పాత మెకానిక్కులు జీవించి ఉండగనే వారి నోటి మాటను అందులో చేర్చవలెను.

కనుక పాత కారును కొనువాడు మొదట చూడవలసినది ఆ పుస్తకం. అది లేనిచో మొదట వ్రాయవలసినదియు అదే. రేపటి దినం ఆ బండి తాళం మరొకరి చేతికి పోక తప్పదు. ఆ చేయి అందుకొనునప్పుడు ఇనుముతో పాటు దాని కథయు అందవలెను.