శాస్త్ర కల్పనలు: అచ్చు చరిత్ర

వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు నేడు ఒక చిన్న పట్టణము. కృష్ణానదికి, జూరాల ప్రాజెక్టుకు సమీపమున ఉన్నది. ఒకప్పుడు అది అమరచింత సంస్థానమునకు రాజధాని. పాలమూరు ప్రాంతములోని గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు మూడును కవిపండితులను ఆదరించుటలో పేరు పొందినవి. తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానములకు వచ్చి అవధానములు చేసి సత్కారములు అందుకొన్నారు.

అవధానములో పద్యము అక్కడికక్కడే పుట్టును. పుట్టిన చోటనే శ్రోతలు విందురు, మెచ్చుకొందురు. కవి ఎవరో, ఏ సభలో చెప్పినాడో అందరికీ తెలియును. హైదరాబాదు రాజ్యము 1948లో భారతదేశములో కలిసిన తరువాత సంస్థానముల పాలన ముగిసినది. అయినను, ఆనాటి సభల ముచ్చట్లు పాలమూరు పెద్దల నోట నిలిచే ఉన్నవి.

కాని అన్ని రచనలూ ఇట్లు సభలో పుట్టవు. కొన్నింటికి అచ్చుయంత్రమే సభ. అట్టివానిలో శాస్త్ర కల్పన ఒకటి. శాస్త్రము కనుగొన్న ఒక విషయమును పట్టుకొని, "ఇది ఇంకను ముందుకు పోయినచో ఏమగును?" అని ఊహించి చెప్పిన కథనే శాస్త్ర కల్పన అందుము. ఇది నెలల తరబడి పెరుగును. ఒక పత్రికలో ఒక భాగము, మరుసటి నెల మరియొక భాగము వచ్చును. పుస్తకమగుట ఆ పైమాట. ఈ దారిలో రచన ఎక్కడ ఆగినను, రచయిత పేరు మరుగున పడవచ్చును. ఇది ఎట్లు జరిగినదో కొన్ని ఉదాహరణలతో చూతము.

ఫ్రాన్సు దేశములో జూల్స్ వెర్న్ అను రచయిత ఉండెను. అతని ప్రచురణకర్త హెట్జెల్ 1864లో బాలుర కొరకు ఒక పత్రిక ప్రారంభించెను. సముద్రగర్భములో ప్రయాణించు నావ కథ ఆ పత్రికలోనే 1869, 1870 సంవత్సరములలో భాగములుగా వెలువడినది. వెర్న్‌కును హెట్జెల్‌కును మధ్య ఏడాదికి ఇన్ని సంపుటములని ఒప్పందము ఉండెడిది. పత్రికలో ముగిసిన కథ వెంటనే పుస్తకమయ్యెడిది. ఇంగ్లండులో హెచ్. జి. వెల్స్ వ్రాసిన కాలయంత్రము కథ కూడ 1895 జనవరి నుండి మే వరకు ఒక పత్రికలో వచ్చి, ఆ ఏడే పుస్తకమైనది. వారి ప్రతిభ ఎంత గొప్పదైనను, పత్రిక నుండి పుస్తకమునకు ఒక వంతెన సిద్ధముగా ఉండుట వారికి ఎంతో మేలు చేసినది. నేడు వారి ప్రతి రచనకును తేదీతో సహా లెక్క దొరుకును.

మన దేశమునకు వత్తము. ఆచార్య జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తా నగరములో విద్యుత్ తరంగములను గోడల గుండా పంపి, దూరముననున్న గంటను మ్రోగించి చూపినారు. ఆ మరుసటి ఏడు, 1896లో, ఆయన బెంగాలీలో ఒక కథ వ్రాసినారు. తలనూనెలు అమ్ము ఒక వ్యాపారి తన 'కుంతలీన్' నూనె పేరుతో కథల పోటీ పెట్టెను. బోసు కథకు అందులో బహుమతి వచ్చెను. కథలో ఒక మనుష్యుడు ఓడపై పోవుచుండగా తుపాను ముంచుకొని వచ్చును. అతడు తన వద్దనున్న తలనూనె సీసాను సముద్రములో ఒలకబోయగా అలలు శాంతించును!

ఇది వట్టి హాస్యము కాదు. నీటిపై నూనె పలుచని పొరగా పరచుకొని, గాలి లేపు చిన్న అలలను అణచుననుట నిజము. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండనులోని ఒక చెరువులో చెంచాడు నూనె పోసి ఈ సంగతి పరీక్షించి, 1774లో ప్రకటించెను. అయితే నూనె చిన్న అలలను అణచగలదే గాని తుపానును ఆపజాలదు. తుపానుకు బలము వందల మైళ్ల మేర వేడెక్కిన సముద్రజలము నుండి వచ్చును. ఈ తేడా బోసుకు తెలియును గనుకనే కథ అంత చమత్కారముగా కుదిరినది. ఈ కథ మొదట అచ్చైనపుడు ఆయన పేరు దానిపై లేదు. ఆయన దానిని మార్చి, పెంచి తన వ్యాస సంపుటమైన 'అవ్యక్త'లో చేర్చినది 1921లో. అనగా ఆ కథ తన రచయిత పుస్తకములోనికి చేరుటకు పాతికేండ్లు పట్టినది.

రెండవ ఉదాహరణలో మన తెలుగువారికి కొంత పాలు ఉన్నది. రొకియా సఖావత్ హుస్సేన్ బెంగాలులో పుట్టిన ముస్లిం యువతి. ఆమె భర్త భాగల్పూరులో డిప్యూటీ మేజిస్ట్రేటు. భర్త ఉద్యోగ పర్యటనలో ఉండగా ఆమె ఇంగ్లీషులో ఒక కథ వ్రాసి, తిరిగివచ్చిన తరువాత ఆయనకు చూపినది. 'సుల్తానా కల' అను ఆ కథ 1905లో మద్రాసు నుండి వెలువడు 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో అచ్చైనది. ఆ పత్రికను 1901లో స్థాపించి నడిపినవారు తెలుగు కుటుంబమున పుట్టిన కమలా సత్యనాథన్. భారతదేశములో స్త్రీ వ్రాసిన తొలి శాస్త్ర కల్పనలలో ఒకదానిని ఒక తెలుగు స్త్రీ తన పత్రికలో ప్రకటించినదన్నమాట. 1908లో అది కలకత్తాలో పుస్తకమైనది. కథ వ్రాసిన చేతితోనే రొకియా 1911లో కలకత్తాలో బాలికల పాఠశాల నెలకొల్పినారు.

ఆ కథలోని దేశములో స్త్రీలే పాలకులు. వారికి రెండు విశ్వవిద్యాలయములు ఉన్నవి. ఒక విశ్వవిద్యాలయమువారు గాలిలోనికి పెద్ద బుడగను పంపి, దానికి గొట్టములు అమర్చి, మేఘములలోని నీటిని కావలసినంత క్రిందికి దింపుకొందురు. రెండవవారు సూర్యుని వేడిమిని పోగుచేసి దాచుకొందురు. వానకై ఆకాశము వైపు చూచి చూచి, పని వెదకుకొనుచు దూరదేశములకు వలసపోయిన పాలమూరు రైతుకు ఈ కథ వినిపించినచో ఏమనును? "ఆ గొట్టము మాకూ ఒకటి ఇప్పించండి" అనును.

అది సాధ్యమా? లెక్క వేసి చూతము. మామూలు వానమేఘములో ఒక ఘనమీటరు గాలిలో సుమారు అర గ్రాము నీరు ఉండును. ఒక ఎకరము నేలపై ఒక అంగుళము నీరు నిలుపుటకు సుమారు లక్ష లీటర్లు, అనగా పది కోట్ల గ్రాములు కావలెను. అందుచేత ఆ గొట్టము 20 కోట్ల ఘనమీటర్ల మేఘమును పిండవలెను. ఇది పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 585 మీటర్లున్న మేఘపు ముద్ద. ఒక ఎకరమునకు, ఒక తడికే ఇంత! గొట్టము పనికి రాదని దీనితో తేలినది.

కాని ప్రశ్న పనికి వచ్చినది. 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ విమానము నుండి మేఘముపై పొడి మంచు, అనగా గడ్డకట్టిన బొగ్గుపులుసు వాయువు, చల్లి మంచు పలుకులు పుట్టించినాడు. ఆ సంవత్సరమే బెర్నార్డ్ వానెగట్ సిల్వర్ అయొడైడుతో కూడ అది చేయవచ్చునని కనిపెట్టెను. సున్న డిగ్రీలకన్న చల్లబడినను గడ్డకట్టక ద్రవముగానే ఉండిన నీటిబిందువులు, ఈ పలుకులను ఆధారము చేసికొని మంచుగా పెరిగి, బరువెక్కి, క్రిందికి జారును. మన రాష్ట్రములో కూడ 2000 తరువాతి కరువు సంవత్సరములలో 'మేఘమథనము' పేరుతో ఈ ప్రయత్నము జరిగినది. మేఘము ఉన్నప్పుడే ఇది కొంత తోడ్పడును. లేని మేఘమును సృష్టింపజాలదు. సూర్యుని వేడిమి మాట వేరు. రొకియా వ్రాయుటకు పూర్వమే, 1878లో, బొంబాయిలో విలియం ఆడమ్స్ అను ఉద్యోగి అద్దములతో ఎండను ఒకచోటికి చేర్చి ఆవిరి యంత్రము నడిపి, దానిపై గ్రంథము ప్రకటించెను. కాబట్టి శాస్త్ర కల్పనలో ఒక ఊహ తప్పును, మరియొకటి నిలుచును. ఏది ఎప్పుడు ఊహింపబడినదో తెలియవలెనన్న రచన తేదీ తెలియవలెను. అది తెలియకున్న, రచయిత ముందుచూపును మనము కొలువలేము.

ఇక తెలుగు సంగతి. పాలమూరులోనే, మహబూబ్‌నగరు నుండి 1913లో 'హితబోధిని' అను మాసపత్రిక శ్రీనివాసశర్మగారి సంపాదకత్వమున వెలువడినది. వ్యవసాయము, పరిశ్రమలు, వైద్యము, సంఘ సంస్కరణ దాని విషయములు. శాస్త్ర విషయములను తెలుగులో చదువవచ్చునని ఈ ప్రాంతపు పాఠకులకు అటువంటి పత్రికలే అలవాటు చేసినవి. 1926 ఏప్రిలులో న్యూయార్కున హ్యూగో గెర్న్స్‌బాక్ కేవలము శాస్త్ర కల్పనలకే ఒక మాసపత్రిక పెట్టెను. తొలి సంచికలో తోకచుక్కపై ప్రయాణము గూర్చిన వెర్న్ కథ ఉన్నది. ఆ మరుసటి నెల 10వ తేదీన హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డిగారు 'గోలకొండ పత్రిక' ప్రారంభించినారు. అక్కడ ఒక్కొక్క అభిరుచికి ఒక్కొక్క పత్రిక పుట్టుచుండగా, ఇక్కడ ఒక్క పత్రికయే భాష, చదువు, రాజకీయము, సాహిత్యము అన్నింటినీ మోయవలసి వచ్చినది. తెలుగులో కల్పనలు వ్రాయువారికి తమదైన పత్రిక దొరకకపోవుటకు ఇది ఒక కారణము.

అయినను కల్పన ఆగలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు గుఱ్ఱపు తలగల గంధర్వుని లండను నగరములో పడవైచి, అక్కడి శాస్త్రజ్ఞులచేత పరీక్ష చేయించిన 'హాహాహూహూ' వ్రాసినారు. 1947లో మద్రాసున 'చందమామ' పుట్టినది. 1954లో అందులో 'తోకచుక్క' అను ధారావాహిక మొదలైనది. తరువాత 'మకరదేవత', 'కంచుకోట', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' మొదలైనవి సుమారు పాతికేండ్లపాటు నెలనెలా వచ్చినవి. ఇవి శాస్త్ర కల్పనలు కావు, మంత్రతంత్రముల అద్భుత కల్పనలు. కాని చూడని లోకమును కన్నుల ముందు నిలుపు నేర్పు రెంటికిని ఒకటే. తెలుగులో పుట్టిన ఆ కథలు చందమామ వెలువడిన ఇతర భాషలలోనికి కూడ పోయినవి.

వానిని వ్రాసినవారెవరు? ఆనాటి పిల్లలకు తెలియదు. ధారావాహికలపై రచయిత పేరు అచ్చు వేయు ఆచారము ఆ పత్రికకు లేదు. ఆ పుటలపై బొమ్మల క్రింద చిత్రకారుని పేరు కనిపించెడిది. కథ వ్రాసినవారి పేరు కనిపించెడిది కాదు. ఆ కథలు వ్రాసినవారు దాసరి సుబ్రహ్మణ్యంగారు. దాదాపు అర్ధశతాబ్దము చందమామలో పనిచేసి, 2010లో కన్నుమూసినారు. చిన్ననాడు ఆ కథలు చదివి పెద్దవారైన పాఠకులు పాత సంచికలు వెదకి, వరుసలు కూర్చి, ఆయన పేరును వెలికి తీసినారు. పత్రిక చేయని పనిని పాఠకుడు చేసినాడు. బోసు కథకు పాతికేండ్లు పట్టినచో, ఇక్కడ అంతకు రెట్టింపు పట్టినది.

ఈ పని ఇంకను మిగిలియున్నది. వారపత్రికలలో, మాసపత్రికలలో వచ్చి, పుస్తకములు కాని తెలుగు శాస్త్ర కల్పనలు ఎన్నో ఉన్నవి. వైద్యులు, ఇంజనీర్లు, ఆచార్యులు తీరిక వేళలలో వ్రాసినవి వానిలో ఉన్నవి. అమెరికాలో కంప్యూటరు శాస్త్రాచార్యులుగా ఉండి తెలుగులో కథలు, శాస్త్ర గ్రంథములు వ్రాసిన వేమూరి వేంకటేశ్వరరావుగారి వంటివారు దూరదేశమునుండి కూడ ఈ సాహిత్యమును పెంచినారు. వీనికి గడువు కూడ ఉన్నది. చౌక కాగితము కొయ్యను నూరి తీసిన గుజ్జుతో చేయుదురు. అందులో లిగ్నిన్ అను పదార్థము మిగిలియుండును. వెలుతురు, గాలి తగిలిన కొలది అది పసుపెక్కును. కాగితములో పుట్టు ఆమ్లము సెల్యులోజు పోగులను తెంపును. తాకిన చోటనే పుట విరిగిపోవును. తాళపత్రము కొన్ని వందల ఏండ్లు నిలిచినది. వారపత్రిక అంతకాలము నిలువదు.

ఏమి చేయవలెను? దారి చూపినవారు మనవారే. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆత్మకూరుకు పొరుగైన గద్వాల సీమవారు. బోరవెల్లిలో 1896లో జన్మించినారు. 1952లో వనపర్తి నుండి శాసనసభకు ఎన్నికైనారు. తెలంగాణములో తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా ఆయన వాదమునకు దిగి ఊరకొనలేదు. ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' ప్రకటించినారు. "లేరు" అన్న మాటకు పట్టికయే ప్రత్యుత్తరమైనది.

తెలుగులో శాస్త్ర కల్పన లేదని నేడు కొందరు అనుచుందురు. దానికి కూడ అట్టి సమాధానమే కావలెను. ఇంట పాత సంచికలున్నవారు వానిని ఎండకు, తేమకు దూరముగా ఉంచవలెను. కథ పేరు, రచయిత పేరు, పత్రిక, నెల, సంవత్సరము, అందులోని శాస్త్ర విషయము, పుస్తకమైనదా లేదా అను ఏడు అంశములు ఒక కాగితముపై వ్రాసిన చాలును. గ్రంథాలయములు, కళాశాలలు ఈ కాగితములను ఒకచోట చేర్చవచ్చును. నేడు వ్రాయుచున్న రచయిత కూడ ఏది వ్రాసినది, ఏది సగములో ఉన్నది, ఏది ఏ పత్రికకు పంపినది అని తన లెక్క తాను ఉంచుకొనవలెను. ఇది ఆత్మస్తుతి కాదు. రేపటి చరిత్రకారునికి ఇది మొదటి ఆధారము.

ఆత్మకూరు సభలో పద్యము చెప్పిన కవికి అక్కడి శ్రోతలే సాక్షులు. అచ్చులో కథ వ్రాసినవానికి సాక్షి పాఠకుడే. ఆ సాక్ష్యము పుట విరిగిపోకముందే వ్రాసి ఉంచవలెను.