నీలిమందు తొట్లు, తెల్ల పాపిట

తలకు రంగు వేసుకోవడం నేను మానేశాక పెళ్ళిళ్ళలో చుట్టాలు అడిగే మాట ఒకటే: "ఏం, ఒంట్లో బాగలేదా?" పాపిట పొడుగునా తెలుపు, చెవుల కింద నుంచి ఎర్రబారిన నలుపు. ఆ జడను చూసి నిజంగానే ఆదుర్దా పడతారు. మా కడప పల్లెల్లో ఒకప్పుడు ఇది ఆదుర్దా పడే సంగతే కాదు. మా అవ్వ తల ముగ్గుబుట్ట. సీకాయతో తలంటుకుని, గుంటగలగరాకు వేసి కాచిన ఆముదం రాసుకుని ముడి చుట్టుకునేది. ఆమె ఈడువాళ్ళలో తలకు నల్లరంగు పట్టించుకున్న ఆడమనిషిని నేను చూడలేదు. పెళ్ళి మాటల దగ్గర, పురుటి గది దగ్గర తల నెరిసినవాళ్ళ మాటే చెల్లేది.

పూర్వం ఎవరూ రంగు వేసుకోలేదని అనను. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, గంధయుక్తి అధ్యాయం మొదట్లోనే, తల నెరిసినవాడికి పూలదండలూ నగలూ శోభించవు కాబట్టి ముందు జుట్టు సంగతి చూసుకోవాలంటాడు. ఆరికల బియ్యాన్ని పులుపులో, ఇనుప రజనుతో కలిపి ఇనుప పాత్రలో వండి తలకు పట్టించి పచ్చి ఆకులు చుట్టుకోమంటాడు. ఆ తర్వాత ఉసిరి. పుల్లటి ద్రవంలో ఇనుము కరుగుతుంది, ఉసిరిలోని వగరు దానితో కలిసి నల్లబడుతుంది. గోరింటాకును ఇనుప బాణలిలో టీ డికాక్షనుతో రాత్రంతా నానబెట్టే మన ఇళ్ళలోనూ జరిగేది అదే రసాయన చర్య. అయితే ఆ అధ్యాయం రాజుల కోసం, వేడుకల మగవాళ్ళ కోసం. అవ్వలాంటివాళ్ళ జోలికి అది రాలేదు.

ఈ కథలో మా జిల్లాకు ఒక పాత్ర ఉంది. మా ఊరి చెరువుకట్ట కింద పాడుబడ్డ నీలిమందు తొట్లు ఉండేవి. చిన్నప్పుడు వాటిలో దాగుడుమూతలు ఆడుకున్నాం. కుంపిణీ కాలం నుంచి కడప, కర్నూలు, నెల్లూరు సీమల్లో నీలి పండేది. కోసిన నీలి కట్టలను పై తొట్టిలో నీళ్ళల్లో ఊరవేసి, ఆ నీళ్ళను కింది తొట్టిలోకి వదిలి, గాలి తగిలేలా బాదేవాళ్ళు. పచ్చటి నీళ్ళు నీలంగా మారి అడుగున మడ్డి దిగేది. దాన్ని కాచి, గుడ్డలో వడకట్టి, అదిమి, బిళ్ళలు కోసి నీడన ఆరబెట్టి మద్రాసు పంపేవాళ్ళు. అక్కడి నుంచి ఓడల్లో సీమకు.

ఆ తొట్లు ఎందుకు ఎండిపోయాయో నాకు రసాయనశాస్త్రం చదివాకే తెలిసింది. 1856లో లండన్‌లో పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియాకు క్వినైన్ తయారు చేయబోతే, తారు నుంచి వచ్చిన అనిలీన్‌తో ఊదారంగు బయటపడింది. అతని గురువు హాఫ్‌మన్ 1863 నాటికి పారాఫినైలీన్ డైఅమీన్ అనే పదార్థం గురించి రాశాడు. తర్వాత నల్ల జుట్టు రంగులకు ఆధారమైంది అదే. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని బజారులో పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ సరుకు ఆగినప్పుడు మన నీలి కాస్త కోలుకుంది, యుద్ధం అయ్యాక మళ్ళీ పడిపోయింది. 1907లో పారిస్‌లో యూజీన్ షూలర్ కృత్రిమ రంగుతో జుట్టుకు వేసే మందు తయారుచేశాడు. ఆయన 1909లో పెట్టిన కంపెనీయే నేటి లోరియల్. ఏ అనిలీన్ రసాయనం మా రైతు నీలిని చంపిందో, ఆ కుదురు నుంచే మా తలలకు నలుపు వచ్చింది. ఇంటర్ పిల్లలకు అనిలీన్ పాఠం చెప్పినప్పుడల్లా ఈ సంగతి చెప్పేదాన్ని. ఇది మన జిల్లా చరిత్ర అని వాళ్ళకు తెలియాలని నా పట్టుదల.

మన దేశంలో 1970లలో గోద్రెజ్ హెయిర్ డై వచ్చింది. తర్వాత పొడి పొట్లాలు కిరాణా కొట్టు దండేలకు వేలాడాయి, కాలేజీ స్టాఫ్‌రూములో నెరిసిన తల కనబడటం తగ్గిపోయింది. నేనూ అందరితో పాటే. నుదురు, చెవుల అంచులు దురదపెట్టి వాచే దాకా సాగింది. మానేయమని చర్మం డాక్టరు చెప్పింది. 2006లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి ఆ ఏటి అలర్జీ పదార్థంగా ప్రకటించింది పారాఫినైలీన్ డైఅమీన్‌నే.

మానేస్తే వెంటనే పోయే రంగు కాదది. దాని చిన్న అణువులు వెంట్రుక లోపలికి దూరి, పెరాక్సైడ్‌తో కలిసి పెద్దవై అక్కడే చిక్కుకుంటాయి. సీకాయకు లొంగవు. కొత్త జుట్టు నెలకు సెంటీమీటరు పైచిలుకు పెరుగుతుంది. నడుము దాకా జడ ఉన్న మనిషికి అది ఏళ్ళ పని. 2020 లాక్‌డౌన్‌లో పార్లర్లు మూతపడ్డప్పుడు చాలామంది ఆడవాళ్ళ పాపిట మొదటిసారి తెల్లగా బయటపడింది. మగవాళ్ళకు ఆ వెసులుబాటు ముందే దొరికింది. 2011లో తమిళ నటుడు అజిత్ నెరిసిన జుట్టుతోనే హీరోగా కనిపిస్తే, తెలుగులో 'గ్యాంబ్లర్'గా వచ్చిన ఆ సినిమా చూసి మెచ్చుకున్నారు. అదే తెల్లదనం ఆడమనిషి తలమీద ఉంటే జబ్బేమోనని అడగడం అన్యాయం.

నిజానికి పాత రంగును వదిలించుకోవడానికి మన దగ్గర ఇంతకంటే సూటి దారి ఎప్పటి నుంచో ఉంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి వచ్చిన ఆడవాళ్ళకు మళ్ళీ మొలిచేది సొంత రంగే. నేను మూడు కత్తెర్లే ఇచ్చాను, అంతకు మించి ధైర్యం చాలలేదు. ఆ వెంట్రుకలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా విడదీసి ఈ-వేలం వేస్తుంది. తెల్ల వెంట్రుకలది వేరే రకం. 2018 ప్రాంతపు వేలాల్లో వాటికి కిలో 5,000 రూపాయల పైనే ధర పెట్టారు. పది పదిహేను అంగుళాల నల్లజుట్టు ధర అంతకంటే తక్కువ.

ఇప్పుడు రంగు మానుకునేవాళ్ళు ముందు గోరింటాకు, దానిమీద నీలి ఆకు పొడి పట్టిస్తున్నారు. రాజస్థాన్ సోజత్ గోరింటాకుకు 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అవ్వల కాలపు నీలి మళ్ళీ పొట్లాల్లో కనబడటం నాకు సంతోషమే. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. గోరింటాకు ఆకుపచ్చ పొడి, దానికదే జుట్టును నల్లగా చేయదు. 'నల్ల హెన్నా' అని రాసిన పొట్లం చేతికొస్తే వెనక చిన్న అక్షరాలు చదవండి. అక్కడ పారాఫినైలీన్ డైఅమీన్ అని గాని, పీపీడీ అని గాని ఉంటే దాన్ని తలకు పెట్టకండి.