పారిస్ చేరిన ఫిర్యాదు

ధూల్‌పేట్‌లో మా ఇంటి అరుగుమీద కూర్చుని మా నాన్నగారు చెప్పిన మాటలు, తర్వాత నేను చదివి తెలుసుకున్న తేదీలు కలిపి ఈ ప్రత్యేక సంచికకు వ్రాస్తున్నాను. నేను పుట్టింది 1950లో, అంతా ముగిశాక. కనుక కళ్లారా చూసినట్లు ఒక్కమాట కూడా చెప్పను. జీవితమంతా ఫైళ్లు కట్టిన గుమాస్తాను, నాకు తేదీలమీదే గురి.

1947 ఆగస్టు 15 నాటికి నిజాం ప్రభుత్వం ఇటు భారతదేశంలోనూ చేరలేదు, అటు పాకిస్తాన్‌లోనూ చేరలేదు. ఢిల్లీతో సంప్రదింపులకు ప్రధానమంత్రి ఛత్తారీ నవాబు, ఆంగ్లేయ న్యాయవాది సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్ తిరుగుతుండేవారు. యథాతథ ఒప్పందం ముసాయిదా సిద్ధమైంది. అక్టోబరు 27 తెల్లవారుజామున వారు ఢిల్లీకి బయలుదేరబోతుండగా ఖాసిం రజ్వీ మనుషులు వేల సంఖ్యలో వచ్చి వారి ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. నిజాం ఆ బృందాన్ని మార్చి మొయిన్ నవాజ్ జంగ్ ప్రభృతులను పంపారు. నెల తిరిగాక, నవంబరు 29న సంతకాలైన కాగితం ఏదయ్యా అంటే, ఇంచుమించు ఆ పాత ముసాయిదాయే! మన ఆఫీసుల్లో ఇటువంటివి ఎన్ని చూడలేదు? ఒకరి డ్రాఫ్టు కొట్టేసి, ఇంకొకరిచేత మళ్లీ అదే వ్రాయించడం. కాని అక్కడ ఈలోగా నెమ్మదస్తులు తప్పుకున్నారు, మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు, రజ్వీ మాటకు బలం పెరిగింది.

ఒప్పందం గడువు ఏడాది. భారత ప్రభుత్వ ప్రతినిధిగా కె.ఎం. మున్షీ వచ్చారు. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు ఇచ్చారని, రజాకార్లు పల్లెలమీద పడుతున్నారని ఢిల్లీ ఆరోపణ. సరుకులు రానివ్వడంలేదని హైదరాబాదు ఆరోపణ. 1948 జూన్‌లో మౌంట్‌బాటన్ దేశం విడిచి వెళ్లేముందు మరో ముసాయిదా తయారైంది. ఒప్పుకొమ్మని మాంక్టన్ కూడా నచ్చజెప్పారు. నిజాం ఒప్పుకోలేదు. నా మటుకు చేజారిన అసలు అవకాశం అదే.

ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు పంపింది. ఆరు రోజులకే, 27న, మన భైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరివాళ్లను వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ సంగతి ఆ ఫిర్యాదులో ఎక్కడ వస్తుంది?

సెప్టెంబరు 13, సోమవారం, భారత సైన్యం కదిలింది. పారిస్‌లో భద్రతామండలి ఫిర్యాదును చేతిలోకి తీసుకున్నది 16న. చర్చకు అనుకూలంగా 8 ఓట్లు పడ్డాయి. రష్యా, ఉక్రెయిన్, చైనా తటస్థంగా ఉన్నాయి. హైదరాబాదు అసలు స్వతంత్ర రాజ్యమే కాదని భారత్ తరఫున రామస్వామి మొదలియార్ వాదించారు. మరునాడు, శుక్రవారం, ఇక్కడ యుద్ధమే ముగిసింది. 22న నిజాం తంతి కొట్టి ఫిర్యాదు వాపసు తీసుకున్నారు. అయినా ఆ విషయం మండలి జాబితాలోంచి పోలేదు. 1949 మేలో మళ్లీ చర్చకు వచ్చి, ఏ తీర్మానమూ లేకుండా దశాబ్దాలపాటు పెండింగులో ఉండిపోయింది. ఆర్.డిస్. కాలేదు, ఎల్.డిస్. కాలేదు! సెప్టెంబరు 20న మొయిన్ నవాజ్ జంగ్ లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు మార్పించిన పది లక్షల పౌండ్ల వ్యాజ్యం మాత్రం 2019లో తెమిలింది. అప్పటికి ఆ సొమ్ము మూడున్నర కోట్ల పౌండ్లయింది. భారత ప్రభుత్వానికి, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు వచ్చింది.

ఆ శుక్రవారం సాయంత్రం పురానాపూల్ దగ్గర ఒక ఇంట్లో రేడియో చుట్టూ జనం మూగారని నాన్నగారు చెప్పేవారు. పారిస్ ఊసు ఆ గుంపులో ఎవరూ ఎత్తలేదట. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు చప్పుడు చేయకుండా లేచి వెళ్లిపోయారు. లేచి వెళ్లినవారిలో నాన్నగారితో ఒకే బల్లమీద పనిచేసే ముస్లిం మిత్రుడొకరు. వారిది బీదర్ జిల్లా.

తర్వాతి వారాల్లో బీదర్, ఉస్మానాబాదు, గుల్బర్గా, నాందేడ్ జిల్లాల్లో ఏం జరిగిందో పండిత సుందర్‌లాల్ కమిటీ తిరిగి చూసింది. 27 వేల నుండి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వ్రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు.

నాన్నగారి మిత్రుడు మాత్రం నివేదిక కోసం ఆగలేదు. ఊరినుంచి నెలనెలా వచ్చే తండ్రిగారి జాబు ఆ అక్టోబరులో రాలేదు, నవంబరులోనూ రాలేదు. రోజూ ఆఫీసు టపా విప్పేవేళకు ఆయన లేచి వచ్చి నాన్నగారి పక్కన నిలబడేవారట. సంచీ ఖాళీ అయ్యాక, "చలో భాయ్, కల్ దేఖేంగే" అని తన కుర్చీకి వెళ్లిపోయేవారట.