జొన్నరొట్టె పక్కన ఏముంది?

"మా తాతలు జొన్నలు తిని ఉక్కుముక్కల్లా ఉండేవాళ్ళు" అన్న మాట 2023లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. మన దేశం ప్రతిపాదించగా ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదిని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆఫీసు క్యాంటీన్లలో 'మిల్లెట్ బౌల్' అనే కొత్త వంటకం వెలిసింది. జొన్న మంచి పంటే. తక్కువ నీళ్ళతో పండుతుంది, పీచు ఎక్కువ, వేడివేడి రొట్టె నాకూ ఇష్టమే. కానీ ఆ తాతల మాట విన్నప్పుడల్లా ఒకటి అడగాలనిపిస్తుంది. ఎవరి తాతలు?

దీనికి జవాబు కొంత మన హైదరాబాద్ వైద్య చరిత్రలోనే ఉంది. 1960లో లాన్సెట్ పత్రికలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా అనే ఇద్దరు ఒక పరిశోధన పత్రం రాశారు. విషయం: ల్యూసిన్, పెల్లాగ్రా. వాళ్ళు పనిచేసే పోషకాహార పరిశోధనశాల అప్పటికి రెండేళ్ళ కిందటే కూనూరు కొండల మీంచి హైదరాబాద్‌కి మారింది. తార్నాక మీదుగా వెళ్ళేవాళ్ళు ఆ ఆవరణ చూసే ఉంటారు. ఇప్పుడు దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ.

పెల్లాగ్రా అనేది ఇటాలియన్ మాట, గరుకు చర్మం అని అర్థం. ఎండ తగిలే చోట, అంటే మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదాల మీద చర్మం నల్లబడి, పగిలి, పొలుసులు లేస్తుంది. తర్వాత విరేచనాలు పట్టుకుంటాయి. ఆపైన మనసు చెదురుతుంది: నిద్ర పట్టదు, దిగులు, మతిమరుపు, ముదిరితే పిచ్చి. అప్పుడూ పట్టించుకోకపోతే చావు. స్పెయిన్‌లో గాస్పార్ కాసల్ అనే వైద్యుడు 1735లోనే బీదరైతుల్లో ఈ జబ్బుని గుర్తించాడు. మెడ చుట్టూ వచ్చే ఆ మచ్చల్ని వైద్య పుస్తకాలు ఇప్పటికీ 'కాసల్ హారం' అనే పిలుస్తాయి. బీదవాడి మెడలో పడ్డ మచ్చకి డాక్టరు పేరు పెట్టి హారం అనడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

కాసల్ చూసిన రైతులు మొక్కజొన్న తినేవాళ్ళు. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. దాన్ని వేల ఏళ్ళుగా తింటున్న మెక్సికో జనానికి మాత్రం ఈ జబ్బు లేదు. వాళ్ళు గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి, కడిగి, ఆ తర్వాతే రుబ్బుతారు. మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ అనే విటమిన్ మామూలుగా గింజలో బిగుసుకుపోయి ఉంటుంది, ఒంటికి అందదు. సున్నం దాన్ని విడదీస్తుంది. యూరప్ వాళ్ళు పంటని తెచ్చుకున్నారు గానీ సున్నాన్ని తెచ్చుకోలేదు. ఒక జాతి వంటింట్లో దాగున్న జ్ఞానాన్ని ఒదిలేసి గింజని మాత్రం పట్టుకుపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పెల్లాగ్రా విజృంభిస్తే, అది అంటురోగమనే చాలామంది నమ్మారు. 1914లో దాని సంగతి తేల్చమని ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బర్గర్‌ని పంపింది. ఆయన పిచ్చాసుపత్రులకి వెళ్ళి ఒక చిన్న విషయం గమనించాడు. రోగులకి పెల్లాగ్రా వస్తోంది, వాళ్ళతోనే రోజంతా గడిపే నర్సులకి రావడం లేదు. అంటురోగానికి ఉద్యోగ హోదా తెలుస్తుందా? అనాథాశ్రమాల్లో పిల్లలకి పాలు, గుడ్లు, మాంసం పెట్టించాడు, జబ్బు పోయింది. అయినా డాక్టర్లు నమ్మలేదు. 1916లో ఆయన రోగుల రక్తం తనకి ఎక్కించుకున్నాడు, రాలిన చర్మపు పొలుసులు మాత్రల్లో పెట్టుకుని మింగాడు. ఆయన భార్య మేరీ కూడా రక్తం ఎక్కించుకుంది. ఎవరికీ ఏమీ కాలేదు. ఇంతకీ లోపించిన పదార్థమేమిటో తెలియకుండానే 1929లో ఆయన పోయాడు. అది నియాసిన్ అని 1937లో కాన్రాడ్ ఎల్వెహ్యెమ్ తేల్చాడు.

సరే, కథ ముగిసిందనుకున్నారు. కానీ దక్కన్‌లో ముగియలేదు. ఇక్కడ రోగులు తినేది మొక్కజొన్న కాదు, జొన్న. జొన్నలో నియాసిన్ మరీ తక్కువేమీ కాదు. శరీరం నియాసిన్‌ని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా తయారు చేసుకోగలదు, సుమారు 60 మిల్లీగ్రాములకి ఒక మిల్లీగ్రాము చొప్పున. ఆ ట్రిప్టోఫాన్ కూడా జొన్నలో కొంత ఉంది. పక్క జిల్లాల్లో అన్నం తినే బీదవాడికి అందే నియాసిన్ కూడా అంతంతమాత్రమే, అతనికి పెల్లాగ్రా లేదు. మరి జొన్న తినేవాడికే ఎందుకు?

గోపాలన్ బృందం చూపు ల్యూసిన్ మీద పడింది. ఇదీ అమైనో ఆమ్లమే, ఒంటికి కావలసిందే. అయితే అది జొన్నలోనూ మొక్కజొన్నలోనూ మిగతా ధాన్యాలకంటే బాగా ఎక్కువ. అది మోతాదు మించితే, ఉన్న నియాసిన్‌ని కూడా కణాలు సరిగ్గా వాడుకోలేవని వాళ్ళ వాదన. మా ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే లైబ్రరీ ఇన్‌స్టాల్ అయ్యే ఉంది, పక్కనున్న ఇంకో లైబ్రరీ దాన్ని నడవనివ్వడం లేదు. అంతకుముందు కథంతా 'ఏది లేదు' అన్న వెతుకులాట. హైదరాబాద్‌లో ప్రశ్నే మారింది: ఏది దేనితో కలిసి ఉంది?

నన్ను ఎక్కువగా ఆపింది మెదడు భాగం. ఇక్కడి పెల్లాగ్రా రోగులకి ఈఈజీ తీస్తే మెదడు తరంగాలు అస్తవ్యస్తంగా కనిపించాయి. చికిత్స తర్వాత అవి మెరుగుపడ్డాయి. 1971లో కమలా కృష్ణస్వామి, గోపాలన్ ఇంకో అడుగు వేశారు. ల్యూసిన్‌కి దగ్గర చుట్టమైన ఐసోల్యూసిన్ ఇస్తే చర్మమూ, ఈఈజీ కూడా బాగుపడుతున్నాయని రాశారు. దయ్యం పట్టిందనో, బుద్ధి మందగించిందనో ఊరు తేల్చేసిన మనిషి మెదడులో ఏం జరుగుతోందో కాగితం మీద గీతల్లో పడింది. ఆ గీతని మార్చింది తిండిలోని ఒక పదార్థం. బాదంపప్పు తింటే జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఫార్వర్డ్ చేసే మెసేజీలకంటే ఇది ఎంతో గట్టి సాక్ష్యం. కాకపోతే దీంట్లో అమ్ముకోడానికి ఏమీ లేదు.

ఇప్పుడు తాతల దగ్గరకి వద్దాం. జొన్నచేలో కంది అంతర పంటగా వెయ్యడం తెలంగాణలో పాత అలవాటే. రొట్టె పక్కన పప్పు, మజ్జిగ, అప్పుడప్పుడు మాంసం ఉన్న ఇంట్లో జొన్న చేసే హాని ఏమీ లేదు. పప్పులోనూ పాలలోనూ ట్రిప్టోఫాన్ ఉంటుంది, పల్లీల్లో నియాసిన్ పుష్కలం. ఆ ఇంటి తాత ఉక్కుముక్కలా ఉండే ఉంటాడు. పొద్దున గటక, రాత్రి రొట్టె, నంజుకోడానికి ఇంత కారం, రోజంతా ఎండలో కూలిపని - ఇలా బతికిన తాత మెడ మీద మాత్రం కాసల్ హారం పడింది. ఇద్దరూ తిన్నది ఒకే జొన్న. మొదటాయన మనవళ్ళకి ఆయన తిన్న తిండి మీద గర్వం ఉంది, రెండో ఆయన మనవళ్ళకి ఆ తిండి పేరు చెబితేనే కడుపులో తిప్పుతుంది. పల్లెల్లో అన్నం తినడమంటే మెట్టు ఎక్కడమని ఎందుకు అనుకున్నారో అర్థం చేసుకోకుండా, జనం తెల్లబియ్యానికి బానిసలయ్యారని ఏసీ గదుల్లో కూచుని అనడం అన్యాయం.

ల్యూసిన్ వాదాన్ని అందరూ ఒప్పుకోలేదు. వేరే చోట్ల చేసిన ప్రయోగాల్లో కొన్నిటికి అవే ఫలితాలు రాలేదు, వాదన ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. తార్నాకలో మాత్రం పని ఆగలేదు. ల్యూసిన్ ఎక్కువున్న జొన్న పెట్టిన కుక్కలకి పెల్లాగ్రా లాంటి 'నల్ల నాలుక' జబ్బు వచ్చింది. ల్యూసిన్ తక్కువున్న రకాలు పెట్టిన వాటికి రాలేదు. అంటే జొన్నని మానిపించకుండానే మంచి విత్తనంతో జబ్బు తగ్గించవచ్చన్నమాట. 1970ల్లో ఇది ఎంతో ఆశ కలిగించిన దారి.

అంతలో 1983 వచ్చింది, ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కూలివాడి కంచంలోంచి జొన్న మెల్లగా జరిగిపోయింది. పోషకాల పట్టికలో పాలిష్ బియ్యం జొన్న ముందు దిగదుడుపే, అయినా ఈ ఒక్క జబ్బు విషయంలో జనాన్ని గట్టెక్కించింది ఆ రేషన్ సంచీయేనని నా నమ్మకం. ఇవాళ పెల్లాగ్రా అరుదు, కనిపించినా ఎక్కువగా తాగుడుకి బానిసైనవాళ్ళలో. కొత్త డాక్టర్లకి అది పరీక్షలో రాసే మూడు లక్షణాల ప్రశ్న. ల్యూసిన్ తక్కువున్న ఆ జొన్న రకాలు అవసరమైన కంచాలు అప్పటికే అన్నానికి మారిపోయాయి.