కోపర్నికస్ నేనే అన్న గోసెన్

ఆకలి మీద తిన్న మొదటి పెసరట్టు రుచి నాలుగోదానికి ఉండదు కదా. దీన్నే ఎకనామిక్స్‌లో క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు (ఎంపీసీ బ్యాచ్ వాళ్ళం, పేరు వింటేనే హడలు!).

దీన్ని లెక్కలతో సహా పూర్తి సిద్ధాంతంగా రాసినవాడు హెర్మన్ గోసెన్. ప్రష్యాలో సర్కారు ఉద్యోగం మానేసి, 1854లో పుస్తకం వేశాడు. ఖగోళశాస్త్రానికి కోపర్నికస్ ఎలాగో దీనికి నేనలాగ అని ముందుమాటలోనే చెప్పుకున్నాడు. ఎవరూ చదవలేదు. పుస్తకం నిండా సమీకరణాలే, అధ్యాయాలకి శీర్షికలు కూడా లేవు. కామెంట్లు లేని కోడ్ అన్నమాట! చివరికి మిగిలిన ప్రతులు వెనక్కి తెప్పించేసుకుని, 1858లో పోయాడు.

1871లో ఇంగ్లండ్‌లో జెవన్స్, ఆస్ట్రియాలో మెంగర్ ఎవరికి వారే ఇదే సూత్రంతో పుస్తకాలు రాశారు. పేరూ వాళ్ళకే వచ్చింది. 1878లో ఆడమ్‌సన్ అనే ప్రొఫెసర్‌కి గోసెన్ పుస్తకం దొరికింది. జెవన్స్‌కి జర్మన్ రాదు, సారాంశం ఆయనే చెప్పాడు.

నాకు నచ్చింది ఆ తర్వాత జరిగింది. జెవన్స్ ఊరుకున్నా అడిగేవాళ్ళు పెద్దగా లేరు. అయినా 1879లో తన పుస్తకం రెండో కూర్పు ముందుమాటలో, ఈ సిద్ధాంతం నాకంటే ముందే గోసెన్ చెప్పేశాడని రాసేశాడు. పదేళ్ళకి, 1889లో, గోసెన్ పుస్తకం బెర్లిన్‌లో మళ్ళీ విడుదలైంది.