శాతం చెప్పనిది: వృత్తి పునరావాసంలో పని విశ్లేషణ స్థానం

దివ్యాంగుల ఉపాధి గురించిన చర్చ మన దగ్గర రిజర్వేషన్ శాతంతో మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది. 1995 చట్టం కేటాయించిన 3 శాతాన్ని 2016 చట్టం 4 శాతం చేసింది; అవసరమైన పెంపే. అయితే ఫలానా మనిషి ఫలానా పని ఎలా చేయగలడో తేల్చే వృత్తి ఒకటుందని, దానికి చట్టంలో చోటుందని ఎక్కువమందికి తెలియదు. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ఆడియాలజిస్టులు, క్లినికల్ సైకాలజిస్టులతో పాటు వృత్తి సలహాదారులను, ప్లేస్‌మెంట్ ఆఫీసర్లను కూడా పునరావాస నిపుణుల్లో చేర్చింది. అంతకు చాలా ముందే, 1968లో, కేంద్ర కార్మిక శాఖ తొలి వృత్తి పునరావాస కేంద్రాలను బొంబాయిలో, హైదరాబాదులో తెరిచింది. అభ్యర్థిని అంచనా వేయడంకన్నా పనిని విడదీసి చూడడంలోనే ఈ వృత్తి అసలు నైపుణ్యం ఉందన్నది ఈ వ్యాసం వాదన.

మన రెండు రాష్ట్రాల్లో దివ్యాంగుల దగ్గర భద్రంగా ఉండే కాగితం సదరం సర్టిఫికెట్. రిజర్వేషన్‌కు అందులో కనీసం 40 శాతం వైకల్యం నమోదై ఉండాలి. పోలియోతో ఒక కాలు చచ్చుబడిన యువతికి, ప్రమాదంలో కుడిచేతి వేళ్లు పోయిన యువకుడికి ఒకే అంకె రావచ్చు. కుట్టుమిషన్ ముందు కూర్చోబెట్టి చూడండి. ఆమెకు అడ్డు తొక్కుడు పలక. మోటారు బిగించి, స్విచ్ రెండో పాదానికి అందేలా పెడితే సరిపోతుంది. అతనికి మోటారుతో ఒరిగేదేమీ లేదు. సూదిలో దారం ఎక్కించడం, గుడ్డను పట్టి తిప్పడం దగ్గరే చిక్కు. అదే దుకాణంలో ఇస్త్రీ, ఆర్డర్ల లెక్కలు ఎడమచేత్తో సాగుతాయేమో చూడాలి. శాతం ఈ తేడా చెప్పదు. అందుకోసం పుట్టిందీ కాదు.

కేంద్రం 2021 జనవరి 4న దివ్యాంగులకు తగినవిగా ప్రకటించిన 3,566 ఉద్యోగాల జాబితా ఈ లోటును కొంత పూడ్చింది. ప్రతి ఉద్యోగానికీ ఎదురుగా కూర్చోవడం, నడవడం, వంగడం, బరువెత్తడం, వేళ్లతో పనిచేయడం, చదవడం-రాయడం, చూడడం, వినడం వంటి అవసరాలను అక్షర సంకేతాలతో సూచించింది. మంచి ప్రయత్నమే. కానీ సంకేతం చెప్పేది ఆ పని అలవాటుగా ఎలా జరుగుతోందో మాత్రమే. ఫైలు చదవాలంటే కళ్లు కావాలన్నది కాగితాల కాలం నాటి మాట. స్క్రీన్ రీడర్ ఉన్న ఆఫీసులో చెవులతో చదవొచ్చు. (అక్షరాలను స్కాన్ చేసి బొమ్మగా పంపిన పీడీఎఫ్ వస్తే మాత్రం వ్యవహారం మళ్లీ మొదటికే.) ప్లేస్‌మెంట్ ఆఫీసరు ముందుగా ఆరా తీయవలసింది ఇలాంటి వివరాలనే.

ఉద్యోగంలో చేరాక తలెత్తే సమస్యకు ఆర్టీసీ వ్యాజ్యం ఉదాహరణ. 2014లో డ్రైవరుగా చేరిన ఉద్యోగికి వర్ణాంధత్వం ఉందని వైద్య పరీక్షలో తేలింది. 2016లో ఉద్యోగం పోయింది. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అతనికి అదే వేతనంతో తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని తెలంగాణ ఆర్టీసీని ఆదేశించింది. వర్ణాంధత్వం ఉన్న డ్రైవర్లకు వేరే పని చూపాలన్న 1979 నాటి ఒప్పందం ఈ తీర్పుకు ఆధారం. ప్రత్యామ్నాయం లేదని చూపే బాధ్యత యాజమాన్యానిదేనని కూడా కోర్టు తేల్చింది. అందుకు డాక్టరు చీటీ చాలదు. రంగులు పోల్చుకోనక్కరలేని పనులు సంస్థలో ఏవేవి ఉన్నాయో వెతికామని చూపాలి. అది పని విశ్లేషణ కాక మరేమిటి?

ప్రైవేటు రంగంలో ఈ ఒత్తిడి మరీ తక్కువ. 2016 చట్టం 35వ సెక్షన్ సిబ్బందిలో 5 శాతం దివ్యాంగులుండేలా చూసే యజమానులకు ప్రోత్సాహకాలివ్వాలని చెబుతుందే తప్ప కోటా విధించదు. ఫ్యాక్టరీ మేనేజరును ఒప్పించాలంటే ప్లేస్‌మెంట్ ఆఫీసరు ఒక షిఫ్టంతా అక్కడే ఉండి, ఏ పనిలో ఏ కదలిక అవసరమో రాసుకుని, మార్పుకు ఎంత ఖర్చవుతుందో లెక్క చూపక తప్పదు.